చించిల్లా

చించిల్లా దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలకు చెందిన చిన్న జంతువు. ఎలుకలు, ఉడతలు, ఏదుపందులు ఉండే కృంతక వర్గంలోదే అయినా, మన ఇళ్లలో తిరిగే ఎలుకలతో దాని చుట్టరికం దూరపుది. గినీ పిగ్గులు, డేగూలు, విస్కాచాలు దానికి దగ్గరివి. గుండ్రటి పెద్ద చెవులు, నల్లని కళ్లు, పొడవాటి మీసాలు, ముందుకాళ్ల కంటే బాగా బలిసిన వెనకకాళ్లు, కుచ్చు తోక దాని రూపం. ఒళ్లంతా కప్పిన బూడిదరంగు బొచ్చు దాని ఆనవాలు. ఆ బొచ్చు కోసమే మనుషులు దాన్ని కొండల్లో దాదాపు తుడిచిపెట్టారు, ఆ బొచ్చు కోసమే ఫారాల్లో పెంచారు. అమెరికాలో, యూరప్‌లో, జపాన్‌లో ఇళ్లకు చేరిన చించిల్లాలు ఆ ఫారాల సంతతే. బోన్లలో లెక్కలేనన్ని ఉన్న ఈ జంతువు సొంత కొండల మీద మాత్రం అక్కడక్కడా చిన్న చిన్న గుంపులుగా మిగిలింది.

రెండు జాతులు

చించిల్లాల్లో రెండు జాతులున్నాయి. పొడవు తోక చించిల్లా (చించిల్లా లానిజెరా) చిలీ దేశపు ఉత్తర భాగంలోని తక్కువ ఎత్తు కొండలది. పొట్టి తోక చించిల్లా (చించిల్లా చించిల్లా) ఇంకా పైన, సాధారణంగా 3,000 మీటర్లు దాటిన చోట్ల, చిలీ, అర్జెంటీనా, బొలీవియా, పెరూ దేశాలు కలిసే ఎత్తైన మైదానాల చుట్టూ ఉండేది. పాత పుస్తకాల్లో రెండోదాన్ని చించిల్లా బ్రెవికాడాటా అని రాశారు. దీని ఒళ్లు కాస్త పెద్దది, మెడ లావు, చెవులు చిన్నవి, తోక 10 సెంటీమీటర్లకు మించదు. పొడవు తోక చించిల్లా ఒళ్లు 22 నుంచి 26 సెంటీమీటర్లు, తోక మరో 14, 15 ఉంటుంది. అడవిలోది అరకిలోకు అటూ ఇటూ తూగితే, పెంపుడుది 800 గ్రాముల దాకా పెరుగుతుంది. పెంపుడు వాటిలో ఆడది మగదానికంటే పెద్దది, పెత్తనం కూడా దానిదే.

స్పానిష్ జెస్యూట్ పాదిరి జోసె దె అకోస్టా 1590లో అచ్చయిన తన గ్రంథంలోనే ఈ జంతువు గురించి, దాని బొచ్చు మెత్తదనం గురించి రాశాడు. శాస్త్రీయంగా పేరు పెట్టిన వాడు మాత్రం చిలీలో పుట్టిన మరో జెస్యూట్, హువాన్ ఇగ్నాసియో మోలీనా. స్పెయిన్ రాజు తన సామ్రాజ్యం నుంచి జెస్యూట్లను వెళ్లగొట్టాక ఇటలీ చేరి, 1782లో తన దేశపు ప్రకృతి చరిత్ర రాస్తూ ఆయన దీన్ని ఎలుకల ప్రజాతిలో చేర్చాడు. ఆ తప్పు సవరణ జరిగి, చించిల్లాలకు వేరే ప్రజాతి ఏర్పడింది 1829లో.

మన దగ్గర కుందేళ్లు పెంచే రైతులకు 'సోవియట్ చించిల్లా' అనే మాట పరిచయమే. అది మాంసం కోసం పెంచే కుందేలు. రంగు పోలికను బట్టి పెట్టిన పేరే తప్ప ఈ జంతువుతో దానికి ఏ సంబంధమూ లేదు. చించిల్లా పిల్లి అన్నా అంతే, రంగు వరకే.

బొచ్చు

మనిషి తల మీద ఒక చదరపు సెంటీమీటరులో సుమారు 200 వెంట్రుకలుంటాయి. చించిల్లా ఒంటి మీద అంతే చోటులో 20,000 పైనే. మనకు ఒక్కో కుదురు నుంచి ఒకటో రెండో మూడో వెంట్రుకలు వస్తే, దీనికి ఒకే రంధ్రం నుంచి 60 దాకా సన్నటి పోగులు గుత్తిగా లేస్తాయి. నేల మీది క్షీరదాల్లో ఇంత ఒత్తైన బొచ్చు మరొకదానికి లేదు. నీళ్లలో బతికే సముద్రపు ఓటరు ఒక్కటే దీన్ని మించింది.

పెంపుడు చించిల్లాను దగ్గరగా పట్టుకుని వీపు మీద మెల్లగా ఊదితే బొచ్చు గుండ్రంగా విచ్చుకుంటుంది. చర్మం కనబడదు. మూడు రంగులు కనిపిస్తాయి: అడుగున సీసం రంగు, మధ్యలో తెల్లటి పట్టీ, కొసన నలుపు. ప్రతి పోగులోనూ ఇదే వరస. జంతువు కదిలినప్పుడల్లా వీపు మీద వెండి మెరుపు పాకినట్టు అనిపించడానికి కారణం ఇదే. తోళ్ల వ్యాపారులు సరుకు నాణ్యత చూసేది కూడా ఇలా ఊదే.

ఇంత ఒత్తుగా ఉన్న బొచ్చులో ఈగకైనా పేనుకైనా చోటు దొరకదు, కాబట్టి పరాన్నజీవుల బెడద తక్కువ. నక్క నోటికో గుడ్లగూబ గోరుకో చిక్కితే ఆ పట్టుకున్న చోట బొచ్చు కుచ్చుగా ఊడి వచ్చేస్తుంది. వేటగానికి గుప్పెడు ఉన్ని, చించిల్లాకు ప్రాణం. ఊడిన చోట మళ్లీ పూర్తిగా మొలవడానికి కొన్ని నెలలు పడుతుంది. పెంపుడు చించిల్లాను గట్టిగా ఒడిసిపట్టినా ఇదే జరుగుతుంది.

ఈ కవచానికి రెండు లోపాలున్నాయి. ఒకటి, తడిస్తే ఆరదు. నీరు చర్మం దగ్గర నిలిచిపోయి ఒళ్లు చల్లబడుతుంది, బూజు పడుతుంది. అందుకే చించిల్లా స్నానం దుమ్ముతోనే. కొండల్లో అగ్నిపర్వత బూడిద కలిసిన మెత్తని మట్టిలో పొర్లుతుంది. దుమ్ము పోగుల మధ్యకు దిగి, చర్మంలో ఊరే నూనెనూ తేమనూ పీల్చుకుంటుంది. ఒక్కసారి దులుపుకుంటే అంతా పోతుంది. రెండు, లోపలి వేడి బయటికి పోదు. చించిల్లాకు చెమట పట్టదు, కుక్క లాగా రొప్పి చల్లబడటమూ దానికి పెద్దగా చేతకాదు. వేడి వదిలించుకోవడానికి దానికున్నవి బొచ్చు పలచగా ఉన్న ఆ పెద్ద చెవులే. వేడెక్కిన చించిల్లా చెవుల్లో రక్తనాళాలు ఉబ్బి ఎర్రగా కనిపిస్తాయి. పెంచేవాళ్లు ముందుగా చూడవలసింది అక్కడే.

కొండ మీద బతుకు

పొడవు తోక చించిల్లా ఈనాడు ముఖ్యంగా కనిపించేది చిలీలోని కొకింబో ప్రాంతంలో, ఇయాపెల్ పట్టణం దగ్గరి కొండవాలుల మీద, సముద్రమట్టానికి 400 నుంచి 1,650 మీటర్ల ఎత్తున. వాన చాలా తక్కువ. కురిసేది కూడా చలికాలంలోనే, అదీ కొన్నేళ్లు మొహం చాటేస్తుంది. బండలు, వాటి మధ్య నెర్రెలు, నిలువెత్తు కాక్టస్ మొక్కలు, ముళ్ల ఆకులతో గుబురుగా పెరిగే పూయా పొదలు, ఇవీ ఆ నేల లక్షణాలు. చించిల్లాలు రాతి నెర్రెల్లోనూ, పూయా మొదళ్ల దగ్గరి బొరియల్లోనూ కాపురముంటాయి.

పగలంతా నిద్ర, సందె చీకటి పడ్డాక మేత. గడ్డి, ఆకులు, గింజలు, కాండాల బెరడు, ఏది దొరికితే అది. పీచు ఎక్కువ, సారం తక్కువ ఉన్న తిండి నుంచే బతుకు లాగాలి గనక పేగు చాలా పొడుగు. పెద్దపేగు మొదట్లోని సంచిలో సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. అలా పులిసి బయటికొచ్చిన మెత్తని గుళికలను చించిల్లా మళ్లీ తినేస్తుంది, మొదటిసారి అందని పోషకాలు రెండోసారి ఒంటికి పడతాయి. నీళ్లు దొరకడం అరుదు కాబట్టి ఆకుల్లోని తడి, మంచు, కాక్టస్ రసంతోనే చాలావరకు సరిపెట్టుకుంటుంది. పళ్లు మొత్తం 20. జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్లు ఏడాదికి 5 సెంటీమీటర్ల పైనే పెరుగుతాయి, గరుకు గడ్డి నమలడం వల్ల అంతే అరుగుతాయి. ఆరోగ్యంగా ఉన్న ముందుపళ్ల రంగు నారింజ. తెల్లబడితే ఏదో లోపం ఉన్నట్టు.

గుంపులుగా ఉంటాయి. ఒకప్పుడు ఒక్కో గుంపులో వంద దాకా కనిపించేవట. పెద్ద శత్రువులు కుల్పెయో నక్క, కొమ్ముల గుడ్లగూబ. ప్రమాదం కనబడితే మొరుగు లాంటి కీచు అరుపుతో మిగతావాటిని హెచ్చరించి, బండ మీంచి బండ మీదికి గెంతి నెర్రెలో మాయమవుతాయి.

గర్భం 111 రోజులు. అరకిలో ప్రాణికి ఇది చాలా ఎక్కువ. మన చుట్టూ ఉండే ఎలుకకు మూడు వారాలే. ఆ నిరీక్షణకు ఫలితం ఉంది. పిల్లలు కళ్లు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో, పళ్లతో పుడతాయి. కొద్ది గంటల్లోనే తిరగడం మొదలుపెడతాయి. ఒక ఈతకు సాధారణంగా రెండే. పిల్లలు మెల్లగా, తక్కువగా పుట్టే జాతి గనక ఒకసారి సంఖ్య పడిపోతే మళ్లీ పుంజుకోవడం కష్టం. పందికొక్కులను ఎన్ని చంపినా మళ్లీ నిండిపోతాయే, ఆ ధీమా చించిల్లాల విషయంలో చెల్లదు.

వేట

ఇంకాల కాలంలోనూ అంతకు ముందూ ఆండీస్ ప్రజలు చించిల్లాల్ని పట్టారు, తిన్నారు, బొచ్చుతో నేశారు. అప్పుడు వాటి ఉనికికి ముప్పు రాలేదు. 19వ శతాబ్దంలో యూరప్, అమెరికా మార్కెట్లు తెరుచుకున్నాక కథ మారింది. 1828 ప్రాంతం నుంచి చిలీ రేవుల్లో తోళ్ల మూటలు ఓడలకెక్కడం మొదలైంది. ఒక్క నిలువుటంగీకి వందకు పైగా తోళ్లు కావాలి. 1900 నాటికి ఈ వేటే బతుకుతెరువుగా ఉన్న వాళ్లు, 'చించిల్లెరోలు', కొండలంతా నిండిపోయారు. కుక్కలతో వేటాడారు, వలలు పన్నారు, బొరియల ముందు పొగ పెట్టారు. ముంగిసను పోలిన కీకే అనే జంతువును మచ్చిక చేసి బొరియల్లోకి వదిలారు. ఆఖరికి కొండబండల్ని డైనమైట్‌తో పేల్చినవాళ్లూ ఉన్నారు. పేలుడులో చనిపోయిన వాటిలో చాలావాటి తోలు చిరిగి పనికిరాదు, దాగే నెర్రె కూడా మిగలదు. లాభం లెక్కన చూసినా ఇంత మతిలేని పని ఇంకోటి కనబడదు.

జీవశాస్త్రవేత్త హైమె హిమేనెస్ ఎగుమతి పద్దులు తవ్వి తీసి 1996లో వేసిన అంచనా ప్రకారం, 1828 నుంచి 1916 దాకా చంపిన చించిల్లాలు కనీసం 2 కోట్ల 10 లక్షలు. రేవు పద్దుల్లోకి ఎక్కని దొంగరవాణా, పాడైపోయిన తోళ్లు కలుపుకుంటే అసలు సంఖ్య ఇంకా పెద్దదే అవుతుంది.

1910లో చిలీ, అర్జెంటీనా, బొలీవియా, పెరూ వేటనూ వ్యాపారాన్నీ నిషేధిస్తూ ఒప్పందం చేసుకున్నాయి. కొండల్లో అమలు చేసే మనిషి లేడు. నిషేధంతో తోలు ధర ఆకాశానికెగిరింది, ధర పెరిగిన కొద్దీ మిగిలిన నాలుగింటి వెంటా పడ్డారు. 1929లో చిలీ తన సొంత చట్టం తెచ్చే నాటికి కాపాడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పొడవు తోక చించిల్లా అడవిలో అంతరించిందనే చాలామంది అనుకున్నారు. 1970లలో ఇయాపెల్ దగ్గర గుంపులు బయటపడ్డాకే ఆ అభిప్రాయం మారింది.

చాప్మన్ పదకొండు

మథాయస్ చాప్మన్ అమెరికన్ గని ఇంజనీరు. చిలీలోని పోత్రెరీయోస్ రాగి గనుల్లో పనిచేస్తుండగా 1918లో ఒక స్థానికుడు డబ్బాలో పట్టితెచ్చిన చించిల్లాను ఆయనకు అమ్మాడని చెబుతారు. వీటిని పెంచితే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడ పుట్టింది. 23 మందిని పెట్టి కొండలన్నీ గాలించినా, మూడేళ్లలో ఆయనకు పనికొచ్చే జంతువులు దొరికింది పదకొండు. వాటిలో ఆడవి మూడే. ఒకప్పుడు లక్షల తోళ్లు పంపిన నేల మీద మిగిలింది ఏపాటిదో ఈ లెక్కే చెబుతుంది.

పట్టడం ఒక ఎత్తు, కిందికి దించడం ఒక ఎత్తు. 12,000 అడుగుల ఎత్తున పట్టిన జంతువుల్ని ఒక్కసారిగా సముద్రతీరానికి తెస్తే వేడికి చచ్చిపోతాయి. చాప్మన్ నెలల తరబడి కొంచెం కొంచెంగా, ప్రతి మజిలీలో ఆపి అలవాటు చేస్తూ దించాడు. ఓడ ఉష్ణమండలం దాటుతున్నప్పుడు బోన్లకు మంచుగడ్డలు కాపలా పెట్టాడు. 1923 ఫిబ్రవరి 22న అవి కాలిఫోర్నియాలోని సాన్ పెడ్రో రేవులో దిగాయి. ఈనాటి అమెరికా పెంపుడు చించిల్లాల్లో దాదాపు అన్నిటి వంశవృక్షం ఈ పదకొండు దగ్గరికే పోతుంది. ఆయన 1934లో చనిపోయాక కొడుకు ఆ వ్యాపారాన్ని సాగించాడు.

చాప్మన్‌ను చించిల్లాల రక్షకుడిగా చెప్పుకోవడం పెంపకందార్లలో ఆనవాయితీ. సగమే నిజం. ఆయన పెంచింది తోలు కోసం. జతల్ని వేల డాలర్లకు అమ్మే వ్యాపారం ఆ తర్వాత పెద్ద జూదంగా మారి, కొన్నవాళ్లు మళ్లీ కొత్తవాళ్లకు జతలు అమ్ముకోవడమే లాభంగా నడిచింది. అడవిలో ఉన్న గుంపులకు ఆ డబ్బులో ఒక్క పైసా చేరలేదు.

ఫారాల్లో పుట్టిన జంతువుల్లో రంగు మార్పులు కనబడసాగాయి. తెల్లది 1955లో అమెరికాలో పుట్టింది. తర్వాత లేత గోధుమరంగు, నల్ల వెల్వెట్, ఊదా, నీలం ఛాయలు వచ్చాయి. తెలుపును తెలుపుతో, వెల్వెట్‌ను వెల్వెట్‌తో జత కట్టించరు. ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే పిండం బతకదు, ఈత చిన్నదవుతుంది. తోళ్ల ఫారాలు తర్వాత యూరప్‌కూ అర్జెంటీనాకూ పాకాయి. ఈమధ్య మూతపడే దారిలో ఉన్నాయి. రొమేనియా 2027 నుంచి చించిల్లా, మింక్ ఫారాలకు తెరదించేలా 2024లో చట్టం చేసింది. భారత ప్రభుత్వం 2017 జనవరిలోనే మింక్, నక్క, చించిల్లా తోళ్ల దిగుమతిని నిషేధించింది.

చెవి, ప్రయోగశాల

చించిల్లాకు మరో బతుకు కూడా ఉంది. దాని కర్ణభేరి వెనక ఎముక గూడు పెద్దది, పలచన, లోపలికి పరికరం పోనివ్వడం తేలిక. వినగలిగే ధ్వనుల పరిధి ఇతర చిన్న జంతువులకంటే మనిషికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి పెద్ద శబ్దాలకు చెవి ఎలా దెబ్బతింటుందో, చిన్నపిల్లల చెవిలో చీము పట్టే జబ్బుకు ఏ టీకా పనిచేస్తుందో తేల్చడానికి దశాబ్దాలుగా శాస్త్రజ్ఞులు దీన్నే వాడుతున్నారు.

వీటిలో అందరికీ తెలిసినది 1975లో ప్యాట్రీషియా కుల్, జేమ్స్ మిల్లర్ 'సైన్స్' పత్రికలో ప్రచురించిన ప్రయోగం. 'డా', 'టా' అనే శబ్దాలను విని ఒకదానికి ఒకలా, రెండోదానికి ఇంకోలా స్పందించేలా చించిల్లాలకు నేర్పారు. తర్వాత ఆ రెంటి మధ్యా కంప్యూటరుతో మెట్లు మెట్లుగా తయారుచేసిన శబ్దాలు వినిపించారు. ఎక్కడ 'డా' ఆగి 'టా' మొదలవుతుందో మనుషులు చెప్పే గీత దగ్గరే చించిల్లాలూ గీత గీశాయి. మాటల్ని విడదీసి వినడం మనిషికి మాత్రమే పుట్టుకతో వచ్చిన ప్రత్యేక శక్తి అన్న వాదానికి ఈ ప్రయోగం గట్టి దెబ్బ కొట్టింది.

ఇంట్లో

పెంపుడు చించిల్లా ఓపికగా చూసుకుంటే 10 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. గిన్నిస్ పుస్తకంలో 29 ఏళ్లు దాటిన దాని పేరుంది. పదేళ్ల పిల్లవాడికి కొనిపెట్టిన చించిల్లాను ఆ పిల్లవాడు డిగ్రీ చదువుకు ఊరు దాటాక అమ్మానాన్నలే సాకడం అమెరికా ఇళ్లలో మామూలే, అక్కడి తెలుగు ఇళ్లు కూడా అందుకు మినహాయింపు కావు. శుభ్రమైన ప్రాణి, దుర్వాసన దాదాపు ఉండదు. కానీ ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దు చేయించుకునే స్వభావం కాదు. నమ్మకం కుదిరితే చేతి మీదికి ఎక్కుతుంది, భుజం మీద కూర్చుని చెవి కొసలు కొరుకుతుంది. తనంతట తాను రావాలి, మనం పట్టి తేకూడదు. ఇష్టం లేని మనిషి వచ్చినప్పుడు ఆడది వెనకకాళ్ల మీద నిలబడి మూత్రం చిమ్ముతుంది, గురి తప్పదు.

రాత్రి జీవి గనక మనం పడుకునే వేళకు దాని రోజు మొదలవుతుంది. చక్రం తిప్పుతుంది, అరల మీదికి ఎగురుతుంది, చెక్క కొరుకుతుంది. బోను పడకగదిలో పెట్టుకుంటే నిద్ర ఉండదు. బోను ఎత్తుగా, అంతస్తులుగా ఉండాలి. అరలు చెక్కవే కావాలి. తీగ నేల మీద నిలబడితే అరికాళ్లు పుండ్లు పడతాయి. ప్లాస్టిక్ పెడితే కొరికి మింగుతుంది, అది పేగులో అడ్డుపడుతుంది. బయటికి వదిలినప్పుడు కరెంటు వైర్లు దాని మొదటి లక్ష్యం.

తిండి విషయంలో చేసే పొరపాట్లే పెంపుడు చించిల్లాలకు ఎక్కువగా ప్రాణాంతకం. బోనులో రాత్రింబవళ్లు ఉండాల్సింది ఎండుగడ్డి. తిమోతీ గడ్డి ప్రసిద్ధం. గడ్డి నుంచి తీసిన సాదా గుళికలు రోజుకు ఒకటి రెండు చెంచాలు. మంచినీళ్లు సీసాలో. ఇంతే దాని మెను, ఎంత ఇష్టంగా తింటున్నా ఇంకేమీ పెట్టకూడదు. కిస్‌మిస్, బాదం, వేరుశనగ, పండ్లు పెట్టాలనిపిస్తుంది. చించిల్లా వాటికోసం తపించిపోతుంది కూడా. ఆ చక్కెర, కొవ్వు తట్టుకునే పేగు దానికి లేదు. లోపలి సూక్ష్మజీవుల సమతౌల్యం చెదిరి గ్యాసు నిండుతుంది. చించిల్లా వాంతి చేసుకోలేదు, కాబట్టి కడుపుబ్బరం కొన్ని గంటల్లో చావుదాకా తీసుకెళుతుంది. అదే కారణంగా నోటిద్వారా ఇచ్చే పెన్సిలిన్ తరహా యాంటీబయాటిక్స్, క్లిండమైసిన్ దీనికి విషంతో సమానం. కుక్కలకూ పిల్లులకూ ధైర్యంగా రాసే మందును చిన్న జంతువులతో పని తెలియని డాక్టరు దీనికీ రాస్తే ప్రమాదం.

గడ్డి తగ్గితే పళ్లు అరగవు. దవడ పళ్లు పైకే కాదు, వేళ్లు లోపలికి కూడా పొడుగైపోతాయి. కింది దవడ వెంట వేలు పోనిస్తే గడ్డలు తగులుతాయి. చొంగ కారి గడ్డం కింద బొచ్చు తడిసి అంటుకుపోతుంది, తినాలని గిన్నె దాకా వచ్చి తినకుండా వెనక్కి పోతుంది. ఆ దశకు వచ్చిన వాటిని పూర్తిగా బాగుచేయడం కష్టం. ఆరునెలలకోసారి పళ్లు చూపించడం, వారానికోసారి వంటింటి త్రాసు మీద బరువు చూడటం మేలు. పైకి ఒత్తైన బొచ్చు ఉన్నప్పుడు ఒళ్లు తగ్గిపోవడం కంటికి తెలియదు.

దుమ్ము స్నానం వారానికి రెండు మూడుసార్లు, పావుగంట చాలు. గిన్నె బోనులోనే వదిలేస్తే కళ్లు మండుతాయి. దానికి ప్రత్యేకంగా అమ్మే మెత్తని రాతిపొడి వాడాలి. నది ఇసుక గరుకుగా ఉండి పోగుల్ని తెంపుతుంది, పిల్లలకు పూసే పౌడరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్నానం చూడటానికి మాత్రం చాలా బాగుంటుంది: గిన్నెలోకి దూకి, ముక్కుతో ఓసారి తవ్వి, మెరుపువేగంతో గిరగిరా దొర్లి లేచి దులుపుకుంటుంది, గదంతా తెల్లటి పొగ. ఒళ్లంతా పిసరంత తేమ లేకుండా ఉన్న చించిల్లాకు తామర తగలడం తక్కువ. తగిలితే ముక్కు చుట్టూ, చెవుల దగ్గర బొచ్చు ఊడి ఎర్రబడుతుంది, మనుషులకూ అంటుతుంది. విసుగుకో ఒత్తిడికో గురైనది తన బొచ్చు తానే కొరుక్కుంటుంది. ఇది వంశంలోనూ వస్తుందని పెంపకందార్ల అనుభవం.

మన ఎండల్లో

చించిల్లాకు హాయిగా ఉండేది 15 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ మధ్య. 25 దాటితే జాగ్రత్త పడాలి, 28, 30 దగ్గర వడదెబ్బ భయం. అమెరికా పెంపకందార్లు ఒక లెక్క చెబుతుంటారు: ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతనూ గాలిలో తేమ శాతాన్నీ కూడితే మొత్తం 150 దాటకూడదని. విశాఖలో 32 డిగ్రీలు, అంటే 90 ఫారెన్‌హీట్, తేమ 70 శాతం ఉన్న రోజు అది 160. అక్కడివాళ్లకు అది విపరీతం, మనకు మామూలు రోజు. అయితే ఆ లెక్కను గుడ్డిగా నమ్మకూడదు. మే నెలలో హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, తేమ 30 శాతం ఉంటే మొత్తం 134 వస్తుంది, లెక్క ప్రకారం క్షేమం. చించిల్లా మాత్రం ఆ మధ్యాహ్నం దాటదు. చల్లటి దేశాల వాళ్ల చిట్కాకు మన ఎండ అందదు.

అంటే తెలుగు నేల మీద చించిల్లా అంటే ఏడాదిలో అధిక భాగం, రేయింబవళ్లు ఏసీ గది, కరెంటు పోతే వెంటనే అందుకునే ఇన్వర్టరు లేదా జనరేటరు. ఫ్యాను పనికిరాదు. చెమట లేని ఒంటికి ఫ్యాను గాలితో వచ్చే చల్లదనం అంతంతమాత్రం. చలువరాతి పలక, గుడ్డలో చుట్టిన ఐసు సీసా గంటో రెండు గంటలో గడిపిస్తాయేగాని రోజును కాదు. కుక్కలూ పిల్లులూ తప్ప ఇతర చిన్న జంతువులు చూసే డాక్టర్లు పెద్ద నగరాల్లోనే దొరుకుతారు, వాళ్లూ కొద్దిమందే. ఇన్నీ సమకూర్చుకోగలిగినా, గినీ పిగ్గును కాదని దీన్ని ఎందుకు తేవాలన్న ప్రశ్నకు సరైన జవాబు దొరకడం కష్టం.

మిగిలిన గుంపులు

రెండు జాతులనూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్ర జాబితాలో 'అపాయంలో ఉన్నవి'గా పెట్టింది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందపు మొదటి అనుబంధంలోనూ ఉన్నాయి, అంటే అడవి జంతువు వ్యాపారం నిషిద్ధం. పెంపుడు రకానికి మాత్రం అందులోనే మినహాయింపు ఉంది.

1983లో చిలీ ప్రభుత్వం ఇయాపెల్‌కు దగ్గర్లో 4,229 హెక్టార్ల 'లాస్ చించిల్లాస్' జాతీయ అభయారణ్యం ఏర్పరచింది. రాత్రి తిరిగే జంతువుల్ని పగలొచ్చిన సందర్శకులు చూడటానికి అక్కడ ఎర్రదీపాల చీకటి గది ఒకటి కట్టారు. చించిల్లాలు మాత్రం కంచె లోపలే ఉండాలన్న నియమం పెట్టుకోలేదు, చాలా గుంపులు బయటి కొండల మీదే ఉన్నాయి. అక్కడ మేకలు తిరుగుతాయి. వంటచెరకు కోసం, గనుల కోసం పొదలు నరికిన చోట గడ్డీ నీడా రెండూ పోయాయి. కరువేళ్లలో గుంపులు కుదించుకుపోయి, వానలు పడ్డాక కోలుకుంటాయి. 'సేవ్ ది వైల్డ్ చించిల్లాస్' అనే సంస్థ స్థానిక మొక్కలు నాటుతూ, బడిపిల్లలతో పనిచేస్తూ వచ్చింది.

బోన్లలో అన్ని ఉన్నప్పుడు కొన్నిటిని తెచ్చి కొండల మీద వదలకూడదా అన్న ఆలోచన సహజం. ప్రయత్నించారు, నిలవలేదు. చాప్మన్ పదకొండు నుంచి వంద సంవత్సరాలుగా పెద్ద ఒళ్లు, మెత్తటి స్వభావం, అమ్ముడుపోయే రంగుల కోసం ఎంచి పెంచిన జంతువుకు నక్క వాసన తెలియదు, ఏ పొద ఎప్పుడు చిగురిస్తుందో తెలియదు.

పొట్టి తోక చించిల్లా పరిస్థితి ఇంకా అధ్వానం. అటకామా ప్రాంతంలో 4,000 మీటర్ల పైన సలారెస్ నోర్తే బంగారు గని తవ్వడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, అక్కడి బండరాళ్ల కుప్పల్లో ఉన్న చించిల్లాలను పట్టి వేరే చోటికి తరలించాలని షరతు పెట్టారు. 2020లో గోల్డ్ ఫీల్డ్స్ కంపెనీ ఆ పని మొదలుపెట్టింది. మొదట పట్టిన నాలుగింటిలో రెండు చనిపోయాయి. చిలీ పర్యావరణ అధికారులు తరలింపును అక్కడితో ఆపించి, కంపెనీపై విచారణకు దిగారు.